2014 నాటి ఐ5 డెస్క్‌టాప్ రివ్యూ: ఇది ఉండగా కొత్తది ఎందుకు?

ముందే చెప్తున్నా, ఇది పాత మెషీన్ రివ్యూ. ఇంటెల్ ఐ5-4590 ప్రాసెసర్, హెచ్81 మదర్‌బోర్డు, కొన్నప్పుడు 4 జీబీ ర్యామ్, 500 జీబీ హార్డ్ డిస్క్. ఇప్పుడు అదే బోర్డు మీద 16 జీబీ ర్యామ్, ఒక సాటా ఎస్‌ఎస్‌డీ (హార్డ్ డిస్క్ బదులు చిప్‌లలో డేటా దాచే డ్రైవ్, సాటా అంటే దాన్ని బోర్డుకి తగిలించే కనెక్షన్) ఉన్నాయి. పాత హార్డ్ డిస్క్‌ని పీకెయ్యలేదు, బ్యాకప్ కోసం ఒక మూల పడి ఉంది. కొత్త మోడళ్ల రివ్యూలకు కొదవ లేదు, కానీ వాటిలో కొత్త మోడల్‌ని కిందటేడాది మోడల్‌తో పోలుస్తారే తప్ప, జనం ఇళ్లల్లో నిజంగా వాడుతున్న పదేళ్ల నాటి మెషీన్‌తో ఎవరూ పోల్చరు. కొత్త డెస్క్‌టాప్‌కి అసలు పోటీ ఇదే కదా. జనం కొత్త డెస్క్‌టాప్‌లు కొనడం ఎందుకు తగ్గించారు అని ఎవరడిగినా నేను ఈ డబ్బానే చూపిస్తాను.

దీని జీవితంలో పెద్ద విషయం ఒక్కటే జరిగింది, ఎస్‌ఎస్‌డీ పెట్టడం. అంతకు ముందు దీన్ని ఆన్ చేసి వెళ్లి స్నానం చేసి వచ్చినా ఇంకా సిద్ధమయ్యేది కాదు. స్క్రీన్ మీద ఐకాన్లన్నీ వచ్చాక కూడా హార్డ్ డిస్క్ లైటు ఆగకుండా మిణుకుమిణుకుమంటూనే ఉండేది, బ్రౌజర్ మీద డబుల్ క్లిక్ చేస్తే అసలు పడిందో లేదో తెలియక ఇంకో రెండుసార్లు నొక్కితే, కాసేపటికి మూడు విండోలు ఒకేసారి ఊడిపడేవి. ఇంత జరుగుతున్నా ప్రాసెసర్ దాదాపు ఖాళీగానే కూర్చుని ఉండేది. హార్డ్ డిస్క్ అంటే నిమిషానికి 7200 సార్లు తిరిగే పళ్లెం. చదివే హెడ్ ఒక చోటు నుంచి ఇంకో చోటికి జరగాలి, కావాల్సిన ముక్క తిరుగుతూ దాని కిందకి రావాలి, అప్పుడు చదవాలి. చిన్న ఫైలుకి కూడా 10 మిల్లీసెకన్లకు అటూ ఇటూ దీనికే పోతుంది. అంటే సెకనుకి ఏ వందసార్లో వెతికి చదవగలదు, అంతే. విండోస్ లేచి నిలబడాలంటేనేమో చెల్లాచెదురుగా ఉన్న వేల ఫైళ్లు చదవాలి.

ఎస్‌ఎస్‌డీలో తిరిగేదీ లేదు, జరిగేదీ లేదు. అదే వెతుకులాట మిల్లీసెకనులో పదో వంతులో ముగుస్తుంది. ఎస్‌ఎస్‌డీ ప్యాకింగ్ మీద సెకనుకి 550 ఎంబీ అని గొప్పగా వేస్తారు గానీ రోజూ కూర్చుని పని చేసేవాళ్లకి ఆ అంకె పెద్దగా పట్టదు, ఈ వెతుకులాట పోవడమే పండగ. అందుకే సాటా ఎస్‌ఎస్‌డీ నుంచి ఎన్‌వీఎంఈకి, అంటే ఇంకా వేగమైన రకం ఎస్‌ఎస్‌డీకి మారితే కాగితం మీద ఆరు రెట్లు, ఇంకా పైన స్పీడు కనిపిస్తుంది, బ్రౌజర్ తెరిచినప్పుడు మాత్రం ఆ తేడా ఎక్కడికి పోయిందో వెతుక్కోవాలి. కొత్త కంప్యూటర్ కొంటే కలిగే ఆనందంలో ముప్పాతిక వంతు నాకు ఈ ఒక్క విడిభాగంతోనే వచ్చేసింది, దాని ఖరీదు కొత్త కంప్యూటర్ ఖరీదులో చిన్న ముక్క. కొత్త మెషీన్లు అమ్మేవాళ్లకి ఇంతకు మించిన చెడ్డ వార్త ఇంకోటి ఉండదనుకుంటా.

ఇలాంటి బోర్డు ఉన్నవాళ్లకి ఒక మాట. హెచ్81లో నాలుగు సాటా పోర్టులుంటే అందులో రెండే 6 జీబీపీఎస్‌వి (సెకనుకి 6 గిగాబిట్లు), మిగతా రెండూ 3. ఎస్‌ఎస్‌డీని నెమ్మది పోర్టుకి తగిలిస్తే సగం స్పీడుకి మించదు. బోర్డు మీదో మాన్యువల్‌లోనో ఏది ఏదో ఉంటుంది, చూసుకుని పెట్టండి. ర్యామ్ స్లాట్లు కూడా రెండే, 8 చొప్పున మొత్తం 16 జీబీ, దాంతో దీని హద్దు అయిపోయింది.

ఇక వాడకం. ఇరవై ముప్పై ట్యాబులు, ఒక పెద్ద స్ప్రెడ్‌షీటు, రెండు మూడు పీడీఎఫ్‌లు, వెనకాల పాటలు, మధ్యలో వీడియో కాల్. అన్నీ కలిపి పెట్టినా విసిగించదు. వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేస్తూ బ్యాక్‌గ్రౌండ్ మసక చేసే ఆప్షన్ కూడా పెడితే ప్రాసెసర్‌లో పని చేసే భాగాలు, అంటే నాలుగు కోర్లూ, నూటికి నూరు కొడతాయి, ఫ్యాన్ అరుస్తుంది, దాన్ని ఆపేస్తే మళ్లీ మామూలే.

ఇంత పాత మెషీన్ ఇంకా పనికొస్తోందంటే అది మామూలు విషయం కాదు. 90లు చూసినవాళ్లని అడగండి, అప్పట్లో కంప్యూటర్ మూడేళ్లకే ముసలిదైపోయేది. 1993లో వచ్చిన మొదటి పెంటియం 60, 66 మెగాహెర్ట్జ్. 2000 మార్చిలో ఏఎండీ, ఇంటెల్ రెండూ రోజుల తేడాతో 1000 మెగాహెర్ట్జ్‌కి చేరాయి. ఏడేళ్లలో పదిహేను రెట్లు, అదీ క్లాక్ (ఈ మెగాహెర్ట్జ్ అంకె) ఒక్కటే లెక్కేస్తే. 2004 చివరికి పెంటియం 4 తంటాలు పడి 3.8 గిగాహెర్ట్జ్ దాకా వచ్చి అక్కడే ఆగింది, 4 గిగాహెర్ట్జ్‌ది తెస్తామన్న ఇంటెల్ ఆ ఏడాదే ఆ మాట వెనక్కి తీసుకుంది. వేడి తట్టుకోలేక. అప్పటిదాకా ట్రాన్సిస్టర్లు చిన్నవైన కొద్దీ వోల్టేజీ కూడా తగ్గించుకుంటూ వచ్చారు కాబట్టి సరిపోయింది, ఆ తర్వాత లోపల కరెంటు లీకవడం మొదలై ఆ దారి మూసుకుపోయింది. సరే, క్లాక్ పెరగకపోతే కోర్లు పెంచుదామన్నారు. పెంచారు, ఆపేశారు. 2011లో వచ్చిన ఐ7-2600లో నాలుగు కోర్లు, 2017 జనవరిలో వచ్చిన ఐ7-7700లోనూ నాలుగే. మధ్యలో ఏటా పది శాతం అటూ ఇటూ పెంచి కొత్త పేరు పెట్టి వదిలారు, ఆరేళ్లు ఇదే తంతు. 2011లో మంచి డెస్క్‌టాప్ కొన్నవాడు 2017 దాకా మళ్లీ కొట్టు వైపు చూడకపోతే ఆ తప్పు వాడిదెలా అవుతుంది? 2017 మార్చిలో ఏఎండీ రైజన్‌తో ఎనిమిది కోర్లు తెచ్చాకే ఇంటెల్‌కి చలనం వచ్చింది, ఆ అక్టోబరుకల్లా మామూలు డెస్క్‌టాప్‌లలో ఆరు కోర్లు దిగాయి.

న్యాయంగా చెప్పాలంటే ఇప్పటి ప్రాసెసర్లు ఒక్కో కోర్ లెక్కన చూసినా నా 4590కి దాదాపు రెట్టింపు స్పీడు, కోర్లన్నీ కలిపితే ఇంకెన్నో రెట్లు. వీడియో ఎడిటింగ్, పెద్ద ప్రోగ్రామ్‌లు కంపైల్ చేయడం, 3డీ పని చేసేవాళ్లకి అది బంగారమే. మెయిల్ తెరిచే నాకు దానితో పనేముంది, నేను ఆగేదంతా నెట్ కోసం, అవతలి సర్వర్ కోసం. అవి నా డబ్బాలో లేవు.

సాఫ్ట్‌వేర్ వైపు నుంచి కూడా ఒత్తిడి తగ్గిపోయింది, దీని గురించి ఎక్కువమంది మాట్లాడరు. విండోస్ 95కి కనీసం 4 ఎంబీ ర్యామ్ చాలన్నారు, ఎక్స్‌పీకి 64 ఎంబీ, 2007లో విస్టాకి 512 ఎంబీ. పన్నెండేళ్లలో 128 రెట్లు. ప్రతి కొత్త విండోస్‌తోపాటు కొత్త మెషీన్ కూడా కొనాల్సిందే, ఆ రెండు వ్యాపారాలూ చేతులు పట్టుకుని నడిచాయి. 2009లో విండోస్ 7 వచ్చింది, 1 గిగాహెర్ట్జ్ ప్రాసెసర్, 32 బిట్‌కి 1 జీబీ, 64 బిట్‌కి 2 జీబీ. 2015లో విండోస్ 10 వచ్చింది, మళ్లీ అక్షరాలా అవే అంకెలు. పైగా మొదటి ఏడాది పాత విండోస్ 7, 8 ఉన్నవాళ్లకి ఉచితంగా ఇచ్చారు. ఆ అంకెలతో నిజంగా నడిపితే ప్రాణం విసుగెత్తుతుంది, అది వేరే సంగతి. కానీ కొత్త విండోస్ కోసం కొత్త కంప్యూటర్ కొనాలనే అలవాటు అక్కడే పోయింది.

ల్యాప్‌టాప్‌లూ ఫోన్లూ డెస్క్‌టాప్‌ని మింగేశాయని అందరికీ తెలిసిన కథే కాబట్టి తొందరగా చెప్పేస్తా. 2008 మూడో త్రైమాసికంలోనే ప్రపంచం మొత్తం మీద అమ్మకాల్లో ల్యాప్‌టాప్‌లు డెస్క్‌టాప్‌లను దాటాయి, 2010 చివరి త్రైమాసికానికి స్మార్ట్‌ఫోన్లు పీసీలన్నిటినీ కలిపి దాటేశాయి. ల్యాప్‌టాప్‌లతో కలిపి పీసీల అమ్మకాలు 2011లో దాదాపు 36 కోట్లకు చేరి దిగడం మొదలుపెట్టాయి, 2020-21లో అందరూ ఇంటి నుంచి పని, ఇంటి నుంచి చదువు అనేసరికి మళ్లీ ఎగిశాయి, అందులోనూ సింహభాగం ల్యాప్‌టాప్‌లదే, 2023కల్లా పాతిక కోట్ల దగ్గరికి పడ్డాయి. నాకు ఇందులో ఆసక్తి కలిగించేది వేరే ఉంది. ఫోన్ వచ్చాక డెస్క్‌టాప్ చచ్చిపోలేదు, దాని మీద భారం తగ్గింది. ఇదివరకు ఇల్లంతటికీ ఒక్క కంప్యూటర్, టికెట్టు బుక్ చేయాలన్నా, ఫలితాలు చూడాలన్నా, పాట దించుకోవాలన్నా దాని ముందే వరుస, వంతుల కోసం తగువులు. అలాంటప్పుడు మెషీన్ నెమ్మదిస్తే ఇంట్లో అందరికీ తెలిసేది, "కొత్తది కొనండి నాన్నా" అని గొడవ చేసేవాళ్లు. ఇప్పుడు ఆ పనులన్నీ ఫోన్లోనే అయిపోతున్నాయి, పెద్ద స్క్రీన్, మంచి కీబోర్డు కావాల్సిన పనులే డెస్క్‌టాప్‌కి మిగిలాయి. వాటికి తొందరేం లేదు. రెండు సెకన్లు ఆలస్యమైతే ఎవరూ గోల చెయ్యరు.

గేమర్ల సంగతి వేరు, వాళ్లు ఇంకా కొంటున్నారు. కానీ వాళ్లకి తగిలిన దెబ్బలు కూడా తక్కువేం కాదు. 2017లో ఒకసారి, 2021లో ఇంకోసారి క్రిప్టో మైనింగ్ చేసేవాళ్లు గ్రాఫిక్స్ కార్డులన్నీ ఊడ్చుకుపోయారు, 2022 సెప్టెంబరులో ఎథీరియం అనే క్రిప్టో మైనింగ్ పద్ధతి వదిలేశాక కాస్త ఊపిరాడింది, ఆ తర్వాత ఏఐ గిరాకీ. 2025 చివర్లోనైతే డేటా సెంటర్ల దెబ్బకి ర్యామ్ రేట్లు చూసి గుండె ఆగినంత పనైంది. ఇలాంటప్పుడు మొత్తం కొత్త మెషీన్ కొనేకన్నా ఉన్నదానికి ఒక్కో భాగం మార్చుకుందామనే ఎవరైనా అనుకుంటారు. డెస్క్‌టాప్‌లో ఆ సుఖముంది. బోర్డులకీ క్యాబినెట్లకీ వాడే ఏటీఎక్స్ కొలతలు 1995లో పెట్టారు, ఇప్పటికీ బోర్డు స్క్రూలు అవే రంధ్రాల్లో కూర్చుంటాయి. క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ (లోపలి భాగాలకి కరెంటు ఇచ్చే పెట్టె), మానిటర్, కీబోర్డు అలాగే ఉంచి బోర్డు, ప్రాసెసర్, ర్యామ్ మారిస్తే అది దాదాపు కొత్త కంప్యూటరే, అయినా ఏ కంపెనీ లెక్కలోనూ కొత్త డెస్క్‌టాప్ అమ్ముడైనట్టు ఉండదు. డెస్క్‌టాప్ ఎంత బాగా తయారైతే అంత తక్కువ అమ్ముడవుతుంది, తమాషా!

అయితే ఈ సుఖం అసెంబుల్డ్ మెషీన్లకే. నా దగ్గర ఇంకో బ్రాండెడ్ డెస్క్‌టాప్ ఉండేది, కంపెనీ పేరు ఎందుకులే. ఎస్‌ఎంపీఎస్ కాలిపోతే బయట దొరికే మామూలు 24 పిన్నుల ఎస్‌ఎంపీఎస్ దానికి పట్టలేదు, వాళ్ల ప్లగ్గు వేరు, ఆకారం వేరు, స్క్రూ రంధ్రాలు కూడా వేరు. వాళ్ల సర్వీస్ సెంటర్‌కి ఫోన్ చేస్తే ఆ మోడల్‌కి విడిభాగాలు ఆపేశామని చెప్పి, కొత్త మోడళ్ల మీద ఆఫర్ ఉంది సార్ అన్నారు. బోర్డు బాగానే ఉంది, ప్రాసెసర్ బాగానే ఉంది, ఒక్క ప్లగ్గు కోసం మొత్తం మెషీన్ మూలన పడింది. ఇలా కొనిపించాలని చూస్తే జనం ఆ కంపెనీనే మానేస్తారు, నేను మానేశాను.

ఇక నా 4590 లోపాలు. ఉన్నాయి, దాచను.

మొదటిది వీడియో. యూట్యూబ్ ఇప్పుడు ఎక్కువగా వీపీ9, ఏవీ1 ఫార్మాట్లలో వీడియో పంపుతుంది. ఈ ప్రాసెసర్‌లోని గ్రాఫిక్స్‌కి హెచ్.264 అనే పాత ఫార్మాట్ బాగా వచ్చు, ఆ రెండూ రావు. దాంతో డీకోడింగ్ భారమంతా ప్రాసెసర్ మీద పడుతుంది, 1080పీ దాకా పర్లేదు గానీ 4కే పెడితే ఫ్యాన్ మోత, మధ్యలో ఫ్రేములు ఎగిరిపోవడం. హెచ్.264నే అడిగి తెప్పించే బ్రౌజర్ ఎక్స్‌టెన్షన్లు ఉన్నాయి, పెట్టుకుంటే చల్లగా నడుస్తుంది, కాకపోతే 1080పీ దాటదు. హెచ్‌డీఎంఐలో 4కే మానిటర్ పెట్టినా 30 హెర్ట్జ్‌కి మించి రాదు, మౌస్ కదిలిస్తే బాణం ఈడ్చుకుంటూ వస్తున్నట్టుంటుంది. చిన్న గ్రాఫిక్స్ కార్డు పెడితే ఈ రెండూ తీరతాయి.

రెండోది కరెంటు. ఊరికే ఆన్‌లో ఉన్నా ఇలాంటి మెషీన్ 40 వాట్ల దాకా తాగుతుంది, ఇప్పటి మినీ పీసీలు 10 వాట్లలో సర్దుకుంటాయి. రోజుకి 8 గంటలు, ఏడాదికి 300 రోజులు అనుకుంటే తేడా 72 యూనిట్లు. దాని కోసమే మార్చేంత కాదు, అలాగని ఇరవై నాలుగు గంటలూ ఆన్‌లో ఉంచేవాళ్లు మాత్రం లెక్క వేసుకోవాలి. యూఎస్‌బీ సీ లేదు, వైఫై లేదు, వీటికి చిన్న చిన్న మందులున్నాయి. 2018 జనవరిలో బయటపడ్డ స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ సెక్యూరిటీ లోపాలకి వేసిన ప్యాచ్‌లు ఇలాంటి పాత ఇంటెల్ ప్రాసెసర్లను కొంచెం నెమ్మది చేశాయి. నా వాడకంలో తెలియలేదు.

అసలు పెద్ద లోపం విండోస్ 11. ఇందులో మెషీన్ తప్పేం లేదు. 2021 అక్టోబరులో విండోస్ 11 వచ్చినప్పుడు టీపీఎం 2.0 (కంప్యూటర్‌లో రహస్య తాళాలు దాచే సెక్యూరిటీ భాగం) ఉండాలన్నారు, ఇంటెల్ అయితే దాదాపుగా 8వ తరం, అంటే 2017 చివరి నుంచి వచ్చినవే, ఏఎండీ అయితే రైజన్ 2000 నుంచి అన్నారు. నా 4590 నాలుగో తరం. పని చేయడానికి కావాల్సిన శక్తి దీనికి ఉంది, దొడ్డిదారిన ఎక్కిస్తే విండోస్ 11 ఎక్కుతుంది, నడుస్తుంది కూడా. అలా చేస్తే అప్‌డేట్లకి హామీ లేదు అంటారు, ముఖ్యమైన పని మెషీన్ మీద నేనైతే ఆ ప్రయోగం చెయ్యను. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది, ఇళ్లల్లో వాడుకునేవాళ్లకి నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామన్నారు. ఇన్నేళ్లలో ఈ డెస్క్‌టాప్ మార్చాలని నాకు టెన్షన్ పుట్టించింది ఈ తేదీ ఒక్కటే. స్పీడు పుట్టించలేదు, పాతబడటం పుట్టించలేదు.

దీనికి నా ఏర్పాటు, ఎస్‌ఎస్‌డీలో సగం విడగొట్టి విండోస్ బదులు వాడుకునే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ మింట్ ఎక్కించాను. బ్రౌజర్, లిబ్రేఆఫీస్, వీడియో కాల్స్ దాంట్లో హాయిగా నడుస్తాయి, పైగా విండోస్ 10 కంటే తేలిగ్గా ఉంది. ప్రింటర్ ఒక్కటే కాసేపు సతాయించింది. విండోస్‌లో మాత్రమే నడిచే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్, డిజిటల్ సంతకం లాంటివి తప్పనిసరైనవాళ్లకి ఈ దారి కుదరదు, ఊరికే మొహమాటానికి కుదురుతుందని చెప్పను.

అలా కుదరనివాళ్లు కూడా కొత్త టవర్ కొంటున్నారా అంటే నాకు తెలిసినవాళ్లు కొనట్లేదు. ఆఫీసులు నాలుగైదేళ్లకోసారి మెషీన్లు మార్చేస్తాయి, అలా బయటికొచ్చినవి రీఫర్బిష్డ్ పేరుతో కొత్త దాని ధరలో కొంత భాగానికే దొరుకుతాయి. లంచ్ బాక్స్ అంత ఉండే చిన్న ఆఫీసు డెస్క్‌టాప్‌లు చూడండి, 2018 నాటి ఐ5-8500టీ ఉన్నవి. ఆరు కోర్లు, 35 వాట్ల ప్రాసెసర్, టీపీఎం ఉంది, విండోస్ 11 రాచమార్గంలోనే ఎక్కుతుంది. గ్రాఫిక్స్ కార్డు పెట్టే చోటు ఉండదు, అంతకు తప్ప ఇంటి వాడకానికి వంక పెట్టడానికేం లేదు. కొనేటప్పుడు అడాప్టర్ అసలుదేనా, బయోస్‌కి (ఆన్ చేయగానే విండోస్ కన్నా ముందు నడిచే సెట్టింగుల ప్రోగ్రామ్) పాత ఆఫీసు పెట్టిన పాస్‌వర్డ్ ఉందా, ఎస్‌ఎస్‌డీ ఎంత అరిగింది, ఈ మూడూ చూసుకోండి. రెండోది మరీ ముఖ్యం. ఆ పాస్‌వర్డ్ తెలియకపోతే మీరు సెట్టింగులు ముట్టుకోలేరు, అమ్మినవాడు ఫోన్ ఎత్తడు.

రేటింగ్ అంటే, ఎస్‌ఎస్‌డీ, 16 జీబీ ర్యామ్‌తో నా మెషీన్‌కి 5కి 4. పోయిన ఆ ఒక్క మార్కు విండోస్ 11 వల్ల. హార్డ్ డిస్క్, 4 జీబీతో ఉన్న ఇదే మెషీన్‌కైతే 5కి 1, అదీ జాలి పడి. కొత్త డెస్క్‌టాప్ కొనమని నేను చెప్పేది వీడియో ఎడిటింగ్‌తోనో, పెద్ద కోడ్‌తోనో, కొత్త గేమ్‌లతోనో రోజూ గడియారం చూస్తూ కూర్చునేవాళ్లకి, వాళ్లకి మాత్రం నిజంగా డబ్బుకి తగ్గ ఫలితం ఉంటుంది. మిగతావాళ్లు మెషీన్ నెమ్మదిగా ఉందనిపిస్తే ముందు మూత తీసి దుమ్ము దులపండి, హార్డ్ డిస్క్ ఉంటే ఎస్‌ఎస్‌డీ పెట్టండి, ప్రాసెసర్ మీద ఎండిపోయిన థర్మల్ పేస్ట్ తుడిచి కొత్తది రాయండి, టైమ్ వెనక్కి పోతుంటే బోర్డు మీద నాణెమంత సీఆర్2032 బ్యాటరీ మార్చండి. అప్పటికీ చాలకపోతే కొత్తదాని సంగతి చూద్దురుగాని. నేనైతే ఈ ఏడాది కొనబోయేది ఒక ఎస్‌ఎంపీఎస్, ఇప్పుడున్నదాని ఫ్యాన్ ఆన్ చేసిన మొదటి ఐదు నిమిషాలు గరగరమంటోంది.